యువరాజు ఎక్కడ?

బెంగళూరు

తమ్ముడూ,

బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్రగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం నువ్వు అల్లిన కథ, అదే నీ కాంపెయిన్, కాగితాలన్నీ చదివాను. 300 ఏళ్లుగా గద్దె దిగని మహారాజు బాగా కుదిరాడు. అమృతం కాచే విధానం నాలుగు పేజీలు రాశావు, సరే. ఆయన కొడుకేడీ? 270 ఏళ్లుగా యువరాజుగానే మిగిలిపోయినవాడు పొద్దున్నే లేచి ఏం చేస్తాడు?

ఆయుష్షు పెరగగానే ముందు దెబ్బతినేది వారసత్వం. చిక్‌పేటలో మనవాళ్ల పట్టుచీరల కొట్టు ఏదైనా ఎక్కి కాసేపు కూర్చో. ఎనభై దాటిన పెద్దాయన గల్లాపెట్టె దగ్గర ఉంటారు. యాభై ఏళ్ల కొడుకు చీర మడతపెడుతూనే, ఇంకో వంద తగ్గించాలంటే తండ్రి వైపు చూస్తాడు. ఆయన తలూపితేనే బిల్లు. ఆ చూపు ఇంకో 200 ఏళ్లు సాగాలంటే ఏమవుతుంది? కొడుకు వేరు పడతాడా, దేశాలు పట్టిపోతాడా, విషం కొంటాడా? అలాంటి కొడుకులు ఊరూరా ఉంటే కిరాయి సైన్యాలు పుడతాయి, సముద్రానికి ఆవల కొత్త ఊళ్లు లేస్తాయి. నీ ఆటగాళ్ల పాత్రలు ఇల్లు వదిలి సాహసాలకు బయల్దేరడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తోచడం లేదు.

యయాతి కథ మళ్లీ చదువు. తండ్రి ముసలితనం తీసుకోనన్న పెద్దవాడు యదువుకి రాజ్యం పోయింది, తీసుకున్న కడసారివాడు పూరుడికి దక్కింది. ఒక్కడి యౌవనం కోసం వంశక్రమమే తలకిందులైంది.

ఇక ఖరీదు సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల్లో చచ్చినా మళ్లీ బతకడానికి ఇంకో ఒళ్లు పెంచిపెట్టే క్లోన్ మంత్రానికి వెయ్యి బంగారు నాణేల వజ్రం కావాలి, మంత్రం దాన్ని మింగేస్తుంది. కొత్త ఒళ్లు ఎదగడానికి 120 రోజులు. ఆట నడిపించే డీఎంలు చాలామంది ఆటగాడి లెక్కలోంచి నాణేలు తీసేసి ముందుకు పోతారు. నువ్వు ఆగు. ఆ వజ్రం ఎవరు తవ్వారు? 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఆడా మగా పిల్లలూ కలిపి దాదాపు 60,000 మంది అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. అదంతా నగల కోసం. నీ లోకంలో అదే మట్టిని జల్లించేది ఎవరో మంత్రగాడి రెండో ఒంటి కోసం. గని ఎవరి చేతిలో ఉంది, కూలి ఎంత, రాయి దాచుకుని దొరికిపోతే శిక్షేమిటి, ఇవన్నీ రాసుకో. తనకు నలభై ఏళ్లు దాటవని తెలిసిన కూలిమనిషి ఆ రాయిని చేతిలో పట్టుకుని ఏమనుకుంటుందో కూడా.

అమృతం పేజీలు ఒక్క పేరాకి కుదించు. యువరాజునీ ఆ కూలిమనిషినీ రాసుకుని ఆదివారం మల్లేశ్వరం రా. ఆట మొదలుపెట్టకముందే చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
అన్న