ఫార్మకోజెనోమిక్స్ చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: ఫార్మసీ డిగ్రీ పూర్తయ్యాక రెండేళ్లుగా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. ఫార్మకోజెనోమిక్స్‌లో (మనిషి జన్యువులను బట్టి ఏ మందు ఎవరికి ఎలా పనిచేస్తుందో చూసే శాస్త్రం) రెండేళ్ల మాస్టర్స్‌కి సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు. ఉద్యోగం మానేయాలి, ఫీజంతా లోన్ తీసుకోవాలి. నాన్నగారు ఇంటి కాగితాలు పెడతానంటున్నారు. ఈ చదువుతో మంచి ఉద్యోగం వస్తుందా? లోన్ తీర్చగలనా?

జవాబు: సబ్జెక్టు మంచిది, వదులుకోకండి. కానీ ఉద్యోగం మానేసి, ఇల్లు తాకట్టు పెట్టి, ఫీజంతా అప్పుతో కట్టి చేరడం మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ముందు ఈ రంగంలో జీతాలు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలి, ఎందుకంటే మీ లోన్ తీర్చాల్సింది ఆ జీతమే.

మీకు తెలిసిన విషయమే తీసుకుందాం. కోడీన్ శరీరంలో మార్ఫిన్‌గా మారితేనే నొప్పి సరిగ్గా తగ్గుతుంది. ఆ మార్పు చేసే సివైపి2డి6 ఎంజైమ్ కొందరిలో పనిచేయదు, వాళ్లకి మందు వేసినా ఉపయోగం ఉండదు. ఇంకొందరిలో మరీ జోరుగా పనిచేస్తుంది, వాళ్లకి మామూలు మోతాదు కూడా ప్రమాదమే. ఇది ముందే తెలుసుకోవడం రోగికి మేలని ఎవరైనా ఒప్పుకుంటారు. అయితే ఆ పరీక్షకి డబ్బు ఎవరు కడతారన్న దాని మీదే మీ ఉద్యోగం ఆధారపడి ఉంటుంది.

కొన్ని పరీక్షలకి ఈ ప్రశ్న తేలిపోయింది. హెచ్ఐవీకి వాడే అబాకవిర్ మొదలుపెట్టే ముందు హెచ్ఎల్ఏ-బి*57:01 అనే జన్యు రూపం ఉందేమో పరీక్ష చేస్తే ప్రాణాంతకమైన రియాక్షన్‌ను తప్పించవచ్చని 2008లో ప్రచురితమైన ట్రయల్ చూపించింది, ఇప్పుడు అది మామూలు చికిత్సలో భాగం. క్యాన్సర్‌కి వాడే ఫ్లోరోయురాసిల్, కాపెసిటబిన్ మందుల ముందు, వాటిని శరీరంలో విచ్ఛిన్నం చేసే డీపీడీ ఎంజైమ్ (డిపివైడి జన్యువు తయారుచేసేది) లోపం ఉందేమో చూడమని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2020లో సిఫారసు చేసింది. ఇలాంటి చోట పని ఆగదు. అదే గుండె రోగులకి ఇచ్చే క్లోపిడోగ్రెల్ చూడండి. ఆ మందును శరీరంలో పనిచేసే రూపంలోకి మార్చే సివైపి2సి19 ఎంజైమ్ సరిగ్గా పనిచేయని వాళ్లలో దాని ప్రభావం తగ్గుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే మందు లేబుల్ మీద పెట్టె గీసి మరీ హెచ్చరిక పెట్టించింది, అయినా చాలా ఆసుపత్రులు ఈ రోజుకీ పరీక్ష లేకుండానే ఆ మందు ఇస్తున్నాయి. సైన్స్ తేలడానికీ, దాని మీద ఉద్యోగాలు పుట్టడానికీ మధ్య ఇంత దూరం ఉంటుంది. 2023లో ఏడు యూరప్ దేశాల అధ్యయనం ఫలితాలు వచ్చాయి, ముందే 12 జన్యువులు పరీక్షించి దాని ప్రకారం మందులు ఇస్తే చెప్పుకోదగ్గ దుష్ప్రభావాలు సుమారు 30 శాతం తగ్గాయి. ఇలాంటివి ఆ దూరాన్ని తగ్గిస్తాయి, నాకూ ఆ నమ్మకం ఉంది. కానీ బ్యాంకు మాత్రం ఆ రోజు వచ్చేదాకా ఆగదు, కిస్తీ తేదీ ముందే వస్తుంది.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. మనిషి పుట్టుకతో వచ్చిన జన్యువులు మారవు కాబట్టి ఈ పరీక్ష షుగర్ టెస్టులా మళ్లీ మళ్లీ చేయాల్సింది కాదు. శాంపిల్ నడిపే పని ఎక్కువగా యంత్రాలే చేస్తాయి. అదే రిపోర్టును మాత్రం రోగికి కొత్త మందు రాసిన ప్రతిసారీ తిరగేయాలి, దాని అర్థం డాక్టరుకి చెప్పాలి, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సరైన సమయంలో హెచ్చరించేలా చూడాలి. కాబట్టి ల్యాబ్ టెక్నిక్ ఒక్కటే నేర్పే కోర్సుకి పెద్ద ఫీజు కట్టడం నాకు నచ్చదు. స్టాటిస్టిక్స్, ఆర్ లేదా పైథాన్ కోడింగ్, సీపీఐసీ (జన్యు పరీక్ష ఫలితాన్ని బట్టి మందు ఎలా ఇవ్వాలో చెప్పే నిపుణుల బృందం) మార్గదర్శకాలు చదివి రోగికి అన్వయించడం, ఇవి గట్టిగా నేర్పేదానికి విలువ ఉంది.

ఉద్యోగాల సంగతి కూడా ఇలాగే ఉంటుంది. 'ఫార్మకోజెనోమిస్ట్' అన్న పేరుతో వచ్చే పోస్టులు తక్కువ. క్లినికల్ ఫార్మసిస్టు, బయోఇన్ఫర్మేటిక్స్ అనలిస్ట్, ల్యాబుల్లో జన్యువుల్లోని తేడాలు (వేరియంట్లు) విశ్లేషించేవాళ్లు, మందుల కంపెనీల్లో ట్రయల్స్, బయోమార్కర్ల టీములు, రెగ్యులేటరీ విభాగం, మెడికల్ రైటింగ్, ఈ పేర్లతో వస్తాయి, వాటిలో ఈ చదువు మీకు అదనపు బలం అవుతుంది. ల్యాబ్ డైరెక్టర్, స్వతంత్ర పరిశోధన లాంటివి కావాలంటే మాస్టర్స్ చాలదు, పీహెచ్‌డీ అడుగుతారు. మీ దగ్గర ఫార్మసిస్టు లైసెన్సు, ఆసుపత్రి అనుభవం ఉన్నాయి. ఇవి లేకుండా ఈ సబ్జెక్టులోకి వచ్చేవాళ్లకంటే మీరు ముందున్నారు, దాన్ని తక్కువ చేసుకోకండి.

ఇప్పుడు లెక్క. ఫీజును 100 అనుకుందాం, ఏడాదికి 50 చొప్పున మొదట్లోనే తీసుకున్నారు, వడ్డీ 10 శాతం. చదివే రెండేళ్లూ ఏమీ కట్టకపోతే బయటికొచ్చేసరికి బాకీ 115 దాటుతుంది. దాన్ని పదేళ్లలో నెలవారీ కిస్తీలుగా తీరిస్తే మొత్తం 183 దాకా కడతారు. ఇందులో రెండేళ్ల తిండి, అద్దె లేవు, ఆ రెండేళ్లు మానేసుకున్న జీతమూ లేదు. అవి కూడా కలిపి ఒక కాగితం మీద రాయండి. నేను సాధారణంగా చెప్పే హద్దు ఏంటంటే, చదువు అప్పు మొత్తం మీకు నిజంగా వచ్చే మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదు. బ్రోచర్‌లో ఉన్న పెద్ద జీతం కాదు, కిందటి బ్యాచ్‌లో మధ్యస్థంగా ఉన్న విద్యార్థికి వచ్చింది.

ఆ సంఖ్య యూనివర్సిటీనే అడగండి. కిందటి రెండు బ్యాచ్‌ల్లో ఎంతమంది చేరారు, ఆరు నెలల్లో ఎవరెవరు ఏ పోస్టుల్లో చేరారు, ఎంతమంది పాత ఉద్యోగానికే వెళ్లిపోయారు, ఏదైనా ఆసుపత్రిలో రోగుల రిపోర్టుల మీద నేరుగా పనిచేసే అవకాశం ఉందా. రాతపూర్వకంగా జవాబు ఇవ్వకుండా 'ఫ్యూచర్ అంతా దీనిదే' అని మాత్రమే అంటే ఆ సీటు వదిలేయండి, బాధపడకండి.

మీ స్థానంలో ఉంటే నేను ఉద్యోగం ఉంచుకునే ఈ ఏడాది స్టాటిస్టిక్స్, కోడింగ్ మొదలుపెడతాను. ఫార్మకోజెనోమిక్స్‌లో ఫార్మసిస్టుల కోసం పార్ట్‌టైమ్‌గా, ఆన్‌లైన్‌లో చేసే సర్టిఫికెట్ కోర్సులు ఉన్నాయి, వాటిలో ఒకటి చేస్తాను. మీ ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగానికి వెళ్లి డిపివైడి పరీక్ష ఎలా చేయిస్తున్నారో, రిపోర్టు ఎవరు చూస్తున్నారో కనుక్కుంటాను. ఎవరూ చూడకపోతే ఆ బాధ్యత నాకివ్వమని అడుగుతాను. ఆ అనుభవంతో వచ్చే ఏడాది స్టైపెండ్ ఇచ్చే పరిశోధన సీట్లకి, ఫీజు మాఫీ ఉన్న మాస్టర్స్‌కి దరఖాస్తు చేస్తాను. ఇప్పుడొచ్చిన సీటును ఏడాది వాయిదా వేస్తారేమో కూడా ఒక మెయిల్ పెట్టి చూడండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

అన్నీ చూసుకున్నాక కూడా కొంత లోన్ తప్పదనిపిస్తే, ముందు తాకట్టు లేకుండా వచ్చేంత వరకే తీసుకోండి. చదువుతున్నప్పుడు వడ్డీ అయినా నెలనెలా కట్టేయండి, పై లెక్కలో 115 అయిన బాకీ 100 దగ్గరే ఆగుతుంది. ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి, అది లేకుండా ఉద్యోగం మానేయకండి. నాన్నగారు హామీదారుగా సంతకం పెడితే మీ పేరు మీద కనీసం ఆ లోన్ మొత్తానికి టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకుని, పాలసీ చేతికొచ్చాకే ఆయన చేత సంతకం పెట్టించండి.