రొయ్య అయితే రుచి, మిడత అయితే రోత: ఎందుకిలా?

ప్రశ్న: రొయ్యలంటే నాకు ప్రాణం. బాగా వాసన కొట్టే చీజ్ కూడా ఇష్టంగానే తింటాను. మొన్న ఒక ఫ్రెండ్ వేయించిన మిడతల ప్యాకెట్ తెరిచి నా ముందు పెడితే మాత్రం కడుపులో తిప్పేసింది. ఒక్కటి కూడా నోట్లో పెట్టలేకపోయాను. "రొయ్యలు లాగించేస్తావు, మిడత ఏం పాపం చేసింది?" అని వాడు ఒకటే నవ్వు. నా దగ్గర సమాధానం లేదు. ఇది నాలుక సమస్యా, మనసు సమస్యా?

జవాబు: మీవాడు అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. రొయ్యా మిడతా రెండూ కీళ్లకాళ్ల జీవులే. ఒంటి మీద పెంకు, అతుకులు అతుకులుగా కాళ్లు, తల మీద పొడుగాటి మీసాలు... పక్కపక్కన పెట్టి చూస్తే దగ్గరి చుట్టాలని ఎవరైనా పోల్చుకుంటారు. (అందుకే రొయ్యలు పడని వాళ్లకి మిడతలు కూడా ఎలర్జీ తెప్పించొచ్చు, ఈ ముక్క మీ ఫ్రెండ్‌కి కూడా చెప్పండి.) కానీ అసలు విషయం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు మిడతను రుచి చూడనే లేదు. నోటిదాకా రాకముందే కడుపులో తిప్పిందంటే, పాపం నాలుకని ఎందుకు అనడం?

నేనైతే వెగటునీ రోతనీ వేరు చేసి చూస్తాను. చేదు మందు మింగితే మొహం చిట్లిస్తాం, అది వెగటు, నాలుక పని. ఆ మందు చుక్క ఒకటి బల్ల మీద పడినంత మాత్రాన ఆ బల్ల మీద అన్నం తినడం మానెయ్యం. రోత అలా ఊరుకోదు, తగిలిన ప్రతిదానికీ అంటుకుంటుంది. పాల్ రోజిన్ అని అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ మనస్తత్వవేత్త, జీవితంలో చాలా భాగం ఈ రోత మీదే పనిచేశాడు. 1986లో ఆయన బృందం చచ్చిన బొద్దింకని క్రిములు లేకుండా పూర్తిగా శుద్ధి చేసి, జ్యూస్ గ్లాసులో ఒకసారి ముంచి తీసేసింది. ఏ ప్రమాదమూ లేదని చెప్పినా జనం ఆ జ్యూస్ తాగడానికి ఇష్టపడలేదు. అదే పరిశోధనలో ఇంకో తమాషా ఉంది. రెండు ఖాళీ సీసాల్లో మనుషుల కళ్లముందే చక్కెర పోసి, ఒకదాని మీద 'చక్కెర' అనీ రెండోదాని మీద 'సోడియం సైనైడ్' అనీ చీటీలు వాళ్ల చేతే అంటింపించారు. అంటించింది తామే, లోపల ఉన్నది చక్కెరేనని తెలుసు, అయినా రెండో సీసాలోది కలిపిన నీళ్లు తాగడానికి వెనకాడారు. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరన్నమాట.

వాసన సంగతీ అంతే. మీకు నచ్చే చీజ్ వాసనలో ఐసోవలెరిక్ ఆమ్లం అనేది ఒకటుంటుంది, చెమట పట్టిన పాదాల కంపులోనూ అదే ఉంటుంది. 2005లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి వాసననే మనుషులకి చూపించి, ఒకసారి తెర మీద 'చెడ్డార్ చీజ్' అనీ ఇంకోసారి 'ఒంటి వాసన' అనీ రాసి చూపారు. వాసన ఒకటే, పేరు మారింది, చీజ్ అన్నప్పుడు బాగుందన్నారు, ఒంటి వాసన అన్నప్పుడు బాలేదన్నారు. మర్యాదకి అలా అన్నారేమో అనుకుందామంటే, స్కాన్‌లో మెదడు స్పందన కూడా పేరుతో పాటే మారింది.

ఇంకో సంగతి గమనించారా? మనకి రోత పుట్టించే తిండి దాదాపు అంతా జంతువులనుంచి వచ్చేదే. ఏదైనా కూర నచ్చకపోతే "నాకొద్దు" అంటాం గానీ, దాన్ని చూసి డోకు రావడం అరుదు. దీనికి చాలామంది పరిశోధకులు చెప్పే కారణం రోగభయం. మాంసం, రక్తం, చీము, మలం, ఇవన్నీ మనిషికి జబ్బులు మోసుకొచ్చే దారులు. క్రిములు కంటికి కనబడవు కాబట్టి శరీరం గుర్తులని పట్టుకుంటుంది: జిగటగా ఉందా, మెత్తబడిందా, కుళ్లు వాసన వస్తోందా, ఏదైనా కదులుతోందా? వీటిల్లో ఒక్కటి కనబడినా గంట మోగుతుంది. ఉత్తుత్తికే పదిసార్లు మోగినా పోయేదేమీ లేదు, మోగాల్సిన ఒక్కసారి మోగకపోతేనే ప్రాణం మీదికొస్తుంది.

మరి అదే గంట ప్రపంచంలో అందరికీ ఒకేలా మోగాలి కదా, మోగదు. స్వీడన్‌లో సుర్‌స్ట్రోమింగ్ అని పులియబెట్టిన చేప ఉంది, డబ్బా తెరిస్తే కొత్తవాళ్లు బయటికి పరిగెడతారు. జపాన్‌వాళ్ల నత్తో తీగలు సాగే పులిసిన సోయా గింజలు. ఇటలీలోని సార్డీనియా దీవిలో కాసు మార్జు అనే చీజ్‌లో ఈగ పురుగులు బతికే ఉంటాయి, అక్కడి పాతకాలపు వాళ్లు పురుగులు చచ్చిపోయిన చీజే చెడిపోయిందంటారు! ఐస్‌లాండ్‌లో గ్రీన్‌లాండ్ షార్క్ మాంసం పచ్చిగా తింటే విషం, నెలల తరబడి పులియబెట్టి ఆరబెడితే వంటకం. సూక్ష్మజీవులు చేసే పని ఒకటే అయినా మనకి అలవాటున్నదాన్ని 'పులిసింది' అంటాం, పక్కవాడిదాన్ని 'కుళ్లింది' అంటాం.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013 నివేదిక ప్రకారం కనీసం 200 కోట్లమంది సంప్రదాయ ఆహారంలో పురుగులు ఉన్నాయి, తినే రకాలు 1,900 పైగా. మీరూ వాళ్లలో కొద్దిగా చేరినట్టే. కొన్ని మిఠాయిల్లో, డ్రింకుల్లో వాడే కార్మైన్ ఎరుపు (లేబుల్ మీద ఇ120 అని ఉంటుంది) కోచినీల్ అనే పురుగులనుంచి తీసేదే. తేనె సంగతి సరేసరి, తేనెటీగ కడుపు సంచిలో మోసుకొచ్చి కక్కినది. తీపిగా ఉందని ఆ మాట ఎవరూ ఎత్తరు.

రోతని గెలవాలనుంటే మాత్రం మీవాడి ప్యాకెట్‌తో మొదలుపెట్టకండి. కళ్లూ కాళ్లూ కనబడే మిడత కన్నా, పొడి చేసి బిస్కెట్‌లో కలిపినది చాలామందికి సులువుగా దిగుతుంది. గెలవక్కర్లేదనుకుంటే అదీ సబబే. ఇష్టం లేని తిండిని పందెం కోసం తినడం నాకూ చిరాకే.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. ఏడాదిన్నర వయసులో మట్టి, కాగితం, చెప్పు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునేవాడు. ఇప్పుడు ప్లేట్లో కొత్తది కనబడితే చాలు "ఛీ" అంటున్నాడు. బలవంతంగానైనా తినిపించాలా?

జవాబు: వద్దమ్మా, బలవంతం చెయ్యకండి. రోత పుట్టుకతో సిద్ధంగా రాదు. ఇందాక చెప్పిన రోజిన్ బృందమే రెండున్నరేళ్లలోపు పిల్లల ముందు వేరుశనగ వెన్న, చీజ్ కలిపి కుక్క మలంలా చేసి పెట్టి, అది కుక్క మలమేనని చెప్పింది కూడా. సగానికి పైగా పిల్లలు తినేశారు. శుద్ధి చేసిన మిడతని కూడా దాదాపు మూడోవంతు మంది పిల్లలు తిన్నారు. (పై ఉత్తరం రాసినాయన ఇది చదివితే బాగుణ్ణు.) రెండేళ్లు దాటాక కొత్త తిండి అంటే బెదురు మొదలవుతుంది, ఆరేడేళ్ల దాకా ఉంటుంది. చేతికందింది నోట్లో పెట్టుకుంటూ తిరగగలిగే వయసు కాబట్టి ఆ బెదురు వాళ్లని కాపాడుతుంది కూడా.

మీరు చెయ్యాల్సింది ఒకటే: అదే పదార్థాన్ని కొంచెంగా, టెన్షన్ పడకుండా, మళ్లీ మళ్లీ పెట్టడం. పదీ పదిహేనుసార్లు పట్టినా ఆశ్చర్యం లేదు. రెండుసార్లకే "వీడికి ఇది పడదు" అని తేల్చేస్తాం, తొందర మనదే. ఇంకో మాట, మీరు తినేటప్పుడు మొహం ఎలా పెడుతున్నారో చూసుకోండి. కంపు పీల్చినప్పుడు మెదడులో ఇన్సులా అనే భాగం స్పందిస్తుంది, రోతగా మొహం పెట్టిన ఇంకొకరిని చూసినా అదే స్పందిస్తుందని 2003లో స్కాన్లతో చూపించారు. అంటే మీరు మూతి ముడిస్తే వాడికీ అంటుకుంటుంది.

ప్రశ్న: చిన్నప్పుడు స్ట్రాబెరీ ఐస్‌క్రీమ్ తిన్న రాత్రే వైరల్ జ్వరమొచ్చి వాంతులయ్యాయి. ఐస్‌క్రీమ్ వల్ల కాదని డాక్టరే చెప్పారు. ఇరవయ్యేళ్లయినా ఆ వాసన పడట్లేదు. పిచ్చా నాకు?

జవాబు: కాదు. జాన్ గార్సియా అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1955లో ఎలుకలకి తీపి నీళ్లు తాగిస్తూ రేడియేషన్ ఇచ్చాడు, తర్వాత అవి ఆ తీపిని దూరం పెట్టాయి. అనారోగ్యం చేసింది రేడియేషన్ అని ఎలుకకేం తెలుసు? మనకి తెలిసినా కడుపు వినదు, గంటల తర్వాత వాంతి అయినా చివరగా తిన్నదాని మీదే నేరం మోపుతుంది, ఒక్కసారి చాలు. నాకు చాక్లెట్ మిల్క్‌షేక్‌తో పదకొండేళ్లుగా ఇదే గొడవ. మీరు వెనిలా తినండి, హాయిగా ఉంటుంది.