ఒకే రేవులో తెడ్లూ తెరచాపలూ

అల్లుడూ, దీవెనలు.

మీ రోయింగ్ క్లబ్బూ సెయిలింగ్ వాళ్లూ కలిసి కృష్ణ ఒడ్డున ఒకే బేస్ పెట్టుకుంటున్నారని, అప్పుడే షెడ్డు ప్లాను కూడా గీయించారని మీ అమ్మ చెప్పింది. ఆ ప్లాను మడిచి పక్కన పెట్టు. ముందు చూసుకోవాల్సింది నీళ్ల అంచు. షెడ్డు ఆఖరి పని.

రెండు ఆటలకీ పొసగదని కొందరు భయపెడతారు, వినకు. మీకు గాలి ఉండకూడదు, వాళ్లకి గాలి లేకపోతే పని లేదు. బెజవాడలో వేసవి తెల్లవారుజామున నీళ్లు కదలవు, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మీరు, మూడున్నర నుంచి చీకటి పడేలోపు వాళ్లు. ఒకే రెస్క్యూ బోటు, ఒకే కాపలా మనిషి, నీళ్ల మీద తేలే రేవు, అదే పాంటూన్, ఒకటే రెండు పూటలా పని చేస్తాయి. కలిసి పెట్టుకోవడంలో లాభమంతా ఇక్కడే ఉంది. ఆదివారాలు మాత్రం ఒకరి వేళలోకి ఒకరు వస్తారు. రోయింగ్ చేసేవాడు వెనక్కి తిరిగి కూర్చుని పోతుంటాడు, ఎదురుగా ఏముందో కనపడదు. అందుకని ఆ రోజు బోయాలు, అంటే నీళ్ల మీద తేలే గుర్తులు, కట్టి నీళ్లని రెండు పాయలు చేయండి, ఎవరి పాయలో వాళ్లుండాలి. ప్రతి రోయింగ్ బోటు ముక్కుకీ తెల్ల రబ్బరు బంతి ఉండాలి. అది లేని పడవ నీళ్లలోకి దిగకూడదు.

చోటు ప్రకాశం బ్యారేజీకి ఎగువనే. దిగువన ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఎగువన కూడా గేట్లకి కిలోమీటరు లోపు వద్దు. కాలవలకి నీళ్లు వదిలినప్పుడు రెండు ఒడ్ల దగ్గరా కాలవల మొదట్లో ఉండే గేట్ల (హెడ్ రెగ్యులేటర్ల) వైపు లాగుడు ఉంటుంది, గేట్లు మూసే ఉన్నాయి కదా అని ధీమా పనికిరాదు. పున్నమి ఘాట్ వైపు భవానీ ద్వీపానికి తిరిగే పడవల అల స్కల్ అనే సన్నటి రోయింగ్ పడవని ముంచేస్తుంది. పుష్కర ఘాట్ల రాతిమెట్లు చూసి ముచ్చటపడకు. ఆ మెట్ల మీద నుంచి ఎనిమిది మంది కలిసి 18 మీటర్ల బోటుని దింపితే దాని అడుగు చీరుకుపోతుంది.

ఇక పాంటూన్. డబ్బు తగలేసేది ఇక్కడే. దుకాణంలో అడిగితే అర మీటరు చదరం, 40 సెంటీమీటర్ల ఎత్తు ప్లాస్టిక్ బ్లాకులు ఇస్తారు. చదరపు మీటరుకి నాలుగు పడతాయి. ఖాళీగా ఉన్నప్పుడు అవి నీళ్లలోకి నాలుగు వేళ్లు కూడా దిగవు, మూరెడు కాకపోయినా జానెడు పైనే తేలతాయి. మీ బోటు రిగ్గర్లు, అదే తెడ్లని పట్టి ఉంచడానికి పక్కలకి చాచిన చట్రాలు, దాని అంచుకి కొట్టుకుంటాయి, దిగేవాడికి కాలు అందదు. రోయింగ్ వైపు అంచు నీటికి 15 సెంటీమీటర్లకి మించి లేవకూడదు. ఎత్తు తక్కువ బ్లాకులు అడిగి తెప్పించుకోండి, లేదా డ్రమ్ములు బిగించిన చెక్క ఫ్రేముని బరువుతో కిందికి దింపండి. రెస్క్యూ బోటుకి రెండో అంచు ఎత్తుగా ఉన్నా ఇబ్బంది లేదు. ఎనిమిది మంది నడిపే ఎయిట్ బోటు ఆనాలంటే 20 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, అంటే 240 బ్లాకులు. చూడ్డానికి వచ్చిన ఇంజనీరు తప్పకుండా రెయిలింగ్ పెట్టమంటాడు. ఒడ్డు నుంచి వచ్చే నడకదారికి పెట్టించు, పాంటూన్ అంచుకి మాత్రం వద్దను. తెడ్లు దాని మీద నుంచే అటూ ఇటూ జరగాలి.

సెయిలింగ్ వాళ్లకి పాంటూన్ కంటే ర్యాంపు ముఖ్యం. పది అడుగులకి ఒక అడుగు వాలు చాలు. ఒక్కడు నడిపే చిన్న తెరచాప పడవ లేజర్ ఉంది చూడు, దాని ఒట్టి డొక్కే 59 కిలోలు, ట్రాలీ మీద ఒక్కడే లాక్కెళ్లగలగాలి. నీళ్లలో ఉండే భాగానికి రోజూ చీపురు పడకపోతే నాచు పట్టి జారతారు. లేజర్ అడుగున దింపే పలక, అదే డాగర్‌బోర్డు, దాదాపు 80 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, కాబట్టి వేసవి మట్టంలో కూడా మీటరున్నర లోతు ఉండాలి. తెరచాప కొయ్య నిలబెడితే ఆరు మీటర్లు దాటుతుంది. బోట్లు నిలిపే చోటా, ర్యాంపుకి వెళ్లే దారిలోనా పైన కరెంటు తీగ ఉంటే ఆ స్థలం వదిలేయి. తీగ మార్పిస్తామని ఎవరు మాటిచ్చినా సరే.

వరద సంగతి గట్టిగా చెబుతున్నాను. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పెద్ద పడవలు బ్యారేజీ గేట్లని గుద్ది, గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెల్ని (కౌంటర్ వెయిట్లని) దెబ్బతీశాయి. మీ పాంటూన్ ఆ పని చేయకూడదు. 3.97 లక్షలకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. మీరు మొదటిదాని దాకా కూడా ఆగొద్దు. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి నీళ్లు పెద్దగా వదులుతున్నారని తెలిసిన పూటే పాంటూన్‌ని ముక్కలుగా విప్పి కరకట్ట పైకి చేర్చాలి. ఆరుగురు నాలుగు గంటల్లో విప్పగలిగేలా పిన్నులు ఉండాలి, జూన్ లోపు ఒకసారి గడియారం పెట్టుకుని విప్పి చూడండి. తుప్పు పట్టిన పిన్ను ఏదో అప్పుడు బయటపడుతుంది. షెడ్డు కూడా ఇనుప గొట్టాలూ రేకులే, సిమెంటు వద్దు. ఏటి ఒడ్డున శాశ్వత కట్టడమంటే జలవనరుల శాఖ అనుమతి దొరకడం కష్టం, దొరికినా కోర్టులో నిలబడకపోవచ్చు.

అనుమతి కోసం పెట్టే దరఖాస్తు ఏ ఒక్క క్లబ్బు పేరుతోనూ పెట్టొద్దు. ఏడుగురు చాలు, 2001 సొసైటీల చట్టం కింద ఉమ్మడి సొసైటీ రిజిస్టరు చేయించండి. రేవూ, షెడ్డూ, రెస్క్యూ బోటూ దానివి. మిగతా బోట్లు ఎవరివి వాళ్లవే. ఖర్చులో సగం రెండు క్లబ్బులూ సమంగా, మిగతా సగం సభ్యుల లెక్కన. ఎవరి బోటు ఎక్కువ చోటు ఆక్రమిస్తుందో కొలవడం మొదలుపెడితే మాత్రం ఆ తగువు తెగదు.

రెస్క్యూ బోటుకి 15 హార్స్ పవర్ మోటారు సరిపోతుంది. గుర్రపుడెక్క ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే మెల్లగా వెనక్కి తిప్పి వదిలించాలి. అది కుదరకపోతే మోటారు ఆపి, పైకి ఎత్తి చేత్తో తీయాలి. మోటారు పక్క నుంచి సన్నటి నీటి ధార వస్తోందా అని పది నిమిషాలకొకసారి చూస్తుండాలి. అది ఆగిందంటే నీళ్లు లోపలికి పోవట్లేదని, ఇంకాసేపు నడిపితే ఇంజను పట్టేస్తుంది. లైఫ్ జాకెట్లు లెక్క పెట్టి ఆ బోటులో ఉంచండి. రోయింగ్ వాళ్లు వేసుకోరు కాబట్టి బోల్తా పడితే అందివ్వాల్సింది అక్కడి నుంచే.

మే ఎండలో బోట్ల గాలి అరల మూతలన్నీ తీసి ఉంచండి. బిగించి వదిలితే లోపలి గాలి వేడెక్కి అతుకులు విడిపోతాయి.

వచ్చే ఆదివారం అనుకున్న చోటికి తెల్లవారి ఐదింటికీ, సాయంత్రం నాలుగింటికీ రెండుసార్లు వెళ్లు. వెదురు గెడ పట్టుకెళ్లి ఒడ్డు నుంచి రెండు, ఐదు, పది మీటర్ల దగ్గర లోతు కొలిచి రాయి. అక్కడ వలలు వేసే వాళ్లని, ఏ నెలలో నీళ్లు ఎక్కడిదాకా వెనక్కి పోతాయో అడుగు. వాళ్ల వలల దారి ఎటో కూడా కనుక్కో, మీ బోయాలు దానికి అడ్డం రాకూడదు. ఆ కాగితం నాకు పంపు. షెడ్డు ప్లాను అప్పుడు చూద్దాం.

మీ మావయ్య