తక్కువ అంకెను వెంటనే నమ్మకు

చిరంజీవి సుధకు,

నీ ఉత్తరం అందింది. ఒకే పేషెంట్‌కి గాలి లోపలికి పీల్చే బలం పొద్దున 48, సాయంత్రం 67 వచ్చిందని, మిషన్ పాడైందేమోనని టెన్షన్ పడ్డావు. నాకైతే మిషన్ మీద అనుమానం లేదు. ఆవిడ పొద్దున ఇంకా నేర్చుకుంటూ ఉంది, అంతే.

ఈ పరీక్ష రక్తపరీక్ష లాంటిది కాదు తల్లీ. మనిషి శక్తంతా పెడితేనే అసలు అంకె బయటికొస్తుంది. అందుకే ఆ అంకె 80 దాటితే (దీన్ని సెంటీమీటర్ల నీటి పీడనంలో కొలుస్తాంగా), పీల్చే కండరాల్లో చెప్పుకోదగ్గ బలహీనత లేదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. తక్కువ వస్తే మాత్రం కండరం బలహీనమా, ప్రయత్నం చాలలేదా, పెదవుల పక్క నుంచి గాలి పోయిందా అన్నది ఆ అంకె చెప్పదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మూడుసార్లు చేయించి 40 అని రాసిచ్చాను. మర్నాడు నా సీనియర్ కూర్చోబెట్టి, గట్టిగా అరుస్తూ చేయిస్తే అదే మనిషికి 78 వచ్చింది. ఆ సిగ్గు నాకింకా గుర్తుంది.

కాబట్టి మూడుతో ఆపకు. మంచి మూడు అంకెల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలన్నది నీకు నేర్పే ఉంటారు. అది అవసరమే గానీ చాలదు. సగం బలంతో మూడుసార్లు ఒకేలా పీల్చేవాళ్లూ ఉంటారు. చివరిదే అన్నిటికన్నా ఎక్కువైతే ఇంకా పెరుగుతుందన్నమాట, కాస్త విశ్రాంతి ఇచ్చి మళ్లీ చేయించు.

ఎక్కడ మొదలుపెట్టారో కూడా చూడు. ఊపిరి పూర్తిగా వదిలేశాక పీలిస్తే, నొక్కుకుపోయిన ఛాతీ గోడ తనంతట తానే బయటికి లాగుతుంది. ఆ సాయమే 30 దాకా ఉండొచ్చు. మామూలుగా ఊపిరి వదిలిన చోట మొదలుపెడితే అది దొరకదు. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా చేయించి పోల్చావో, మనం కొలిచింది కండరాన్ని కాదు. శిఖరంలా ఒక్క క్షణం లేచిన అంకెనీ రాయకు. ఒకటిన్నర సెకన్లయినా పట్టి ఉంచమను, అందులో ఒక సెకను నిలిచిందే లెక్క.

ఎక్కువ అంకె అబద్ధమాడే దారి ఒకటుంది: బుగ్గలు. గొంతు మూసుకుని, స్ట్రాతో పీల్చినట్టు బుగ్గలతో లాగితే మిషన్ మోసపోతుంది. మౌత్‌పీస్ దగ్గర 2 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉండేది అందుకే. ఉమ్మితో అది మూసుకుపోయిందేమో ప్రతి పేషెంట్‌కీ చూడు. గాలి బయటికి ఊదే పరీక్షలో మౌత్‌పీస్ రకం మారితే అంకె కూడా మారుతుంది. పళ్ల ముందు పట్టే అంచు ఉన్నదానికన్నా గొట్టం లాంటిదానితో ఎక్కువ వస్తుంది. ఏది వాడావో రిపోర్టులో రాయి.

పెదవులు బిగించలేనివాళ్లకు ముక్కుతో చేసే స్నిఫ్ పరీక్ష నయం. ఒక ముక్కురంధ్రంలో పీడనం కొలిచే ప్లగ్, రెండోది తెరిచి, మామూలుగా ఊపిరి వదిలాక ఒక్కసారి చురుగ్గా ఎగబీల్చడమే. పట్టి ఉంచే పని లేదు కాబట్టి చాలామందికి తేలిగ్గా వస్తుంది. అయినా పదిసార్లు చేయించు, ఇక్కడా నేర్చుకోవడం ఉంటుంది. జలుబుతో ముక్కు దిబ్బడేసినా, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ముదిరినా ఇది తక్కువ చూపిస్తుంది. రెండు పరీక్షలూ చేసి, ఏది మెరుగ్గా వస్తే దాన్నిబట్టి ఆలోచించు.

ఇంకా అనుమానం తీరకపోతే కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి వైటల్ కెపాసిటీ, అంటే నిండా పీల్చి పూర్తిగా వదిలే గాలి ఎంతో చూడు. పడుకున్నప్పుడు 30 శాతానికి మించి పడిపోతే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ముఖ్యమైన పీల్చే కండరం, డయాఫ్రమ్‌ బలహీనపడిందేమోనని అనుమానించాలి.

అన్నిటికన్నా ముందు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా అని అడగడం మరిచిపోకు. అలా ఉంటే ఈ పరీక్ష వాయిదా వేయాల్సిందే, డాక్టర్ గారు ఎంత తొందరపెట్టినా.

ఇక నీ పేషెంట్ సంగతి. ఆవిడకు స్నిఫ్ చేయించు. ఆడవాళ్లలో 60 దాటితే పెద్ద బలహీనత ఉండే అవకాశం తక్కువ. దాటకపోతే ఇంకోరోజు రమ్మని, అదే మిషన్, అదే మౌత్‌పీస్, అదే కుర్చీతో మళ్లీ చూడు. ఈలోగా రిపోర్టులో 67 రాసి, పక్కనే ఎన్నిసార్లు చేయించావో, ప్రయత్నం ఎలా ఉందనిపించిందో రెండు ముక్కలు రాయి. ఏం వచ్చిందో నాకూ చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న