భీమిలిలో ఇల్లు కొనేముందు కొన్నాళ్లు అద్దెకుండండి

సార్, రిటైరయ్యాక హైదరాబాద్ ఫ్లాట్ అమ్మేసి భీమిలిలో సముద్రం పక్కన ఇల్లు కొనాలా అని అడిగారు. ఫ్లాట్ ఇప్పుడే అమ్మకండి. ముందు మే నుంచి నవంబర్ దాకా అక్కడ అద్దెకుండి చూడండి.

మేలో ఎండ హైదరాబాద్ కన్నా తక్కువే అనిపిస్తుంది కానీ ఉక్కపోత వేరు. స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. మేడమ్‌గారికి బీపీ అన్నారు కదా, ఇది చిన్న విషయం కాదు.

ఇక తుఫాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మేం మూడో అంతస్తులో ఉన్నాం. స్లైడింగ్ కిటికీల సందుల్లోంచి వాన నీళ్లు హాల్లోకి చిమ్ముతుంటే దుప్పట్లు కుక్కుతూ, పిండుతూ కూర్చున్నాం. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, లిఫ్టు లేదు. మా అమ్మ మెట్లు దిగలేక ఇంట్లోనే ఉండిపోయింది. అందుకే పై అంతస్తులు వద్దంటాను. పల్లంలో గ్రౌండ్ ఫ్లోరూ వద్దు. మెరక మీద మొదటి అంతస్తు చూసుకోండి. ఉప్పుగాలికి గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్ త్వరగా తుప్పు పడతాయి, ఆ ఖర్చూ పెన్షన్ లెక్కలో వేసుకోండి.

చెట్లు కూలితే భీమిలి నుంచి విశాఖ వెళ్లే బీచ్ రోడ్డు మూసుకుపోతుంది, పెద్దాసుపత్రులేమో విశాఖలో ఉన్నాయి. నేనైతే సముద్రం కనబడకపోయినా విశాఖ సిటీలోనే కొంటాను.