రెడీమిక్స్ లారీ గేటు దగ్గరే కోన్ పెట్టించండి

ఇంటి ముందు కారు దారికి రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి లారీలో పంపే కాంక్రీటు) తెప్పిస్తున్నాం, ప్లాంటువాళ్లు టెస్ట్ చేసే పంపుతారట, పోసే ముందు మళ్లీ మనం చూడాలా అని ఒకరు అడిగారు. చూడాలి. ఒక్క తట్ట కూడా కింద పడకముందే, మాలు ఎంత పలచనో చెప్పే ఇనప కోన్ పెట్టి చూడాలి. ప్లాంటులో బయల్దేరిన మాలు వేరు, ఎండలో గంటన్నర తిరిగి మీ వీధిలోకి వచ్చిన మాలు వేరు.

మాది ఆంధ్ర సరిహద్దులో, ఒడిశా వైపున్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సామాన్లకి పక్కనే పాతపట్నం. పోయిన వేసవిలో మా బావగారు రోడ్డు నుంచి పోర్టికో దాకా ఎం20 రకం కాంక్రీటు వేయిద్దామని లారీ చెప్పారు. లారీ వచ్చి ఆగీ ఆగకముందే డ్రైవరు తల బయటపెట్టి "టికే పాణి" అన్నాడు, కొంచెం నీళ్లు అని. మా మేస్త్రి అప్పటికే పైపు పట్టుకుని రెడీ. "గట్టిగున్నాది బాబూ, రెండు బకెట్లు కొడితే సాఫీగా పారతాది" అంటాడు. గట్టిగా ఉందో లేదో ఎవరూ చూడలేదు! నీళ్లు కొట్టడం వాళ్లకి కొబ్బరికాయ కొట్టడం లాంటి ఆనవాయితీ అయిపోయింది.

ఎదురింట్లో ఉండే రిటైర్డ్ ఓవర్సీర్ గారిని నేనే పిలుచుకొచ్చాను. ఆయన దగ్గర పైనా కిందా తెరిచి ఉన్న పాత ఇనప కోన్ ఉంది: పైన 100 మిల్లీమీటర్లు, కింద 200, ఎత్తు 300. బావగారికేమో మొహమాటం. "వద్దులెండి, వాళ్లేమనుకుంటారో" అని నసుగుడు. పోర్టికో టైల్స్ రంగు కోసం బరంపురం, శ్రీకాకుళం రెండూ తిరిగిన మనిషే ఈయన!

ఓవర్సీర్ గారు ఎవరి మాటా వినిపించుకోలేదు. మొదట జారిన మాలు పక్కన పెట్టించి తర్వాతది తీసుకున్నారు. రేకు మీద తడిపిన కోన్ పెట్టి, అది కదలకుండా కోన్ అడుగున ఉండే చెవుల మీద కాళ్లు తొక్కిపెట్టారు. మూడు పొరలుగా నింపుతూ 16 ఎంఎం రాడ్డుతో పొరకి 25 పోట్లు పొడిచారు. పైన తాపీతో చదును చేసి నిట్టనిలువుగా లేపారు. కోన్ వచ్చింది, మాలు నిలబడలేదు. మొత్తం రేకు మీద పరుచుకుపోయింది. లారీ చీటీలో స్లంప్, అంటే కోన్ తీశాక మాలు ఎంత కిందికి దిగుతుందో ఆ కొలత, 75 మిల్లీమీటర్లు అని రాసి ఉంది. మరోసారి తీసి చూసినా అంతే.

అప్పుడు చీటీ మీద టైము చూశారు. మాలు కలిపి రెండు గంటలు దాటిపోయింది. రెడీమిక్స్‌కి మామూలుగా పెట్టే గడువే రెండు గంటలు. డ్రైవరు మెల్లగా చెప్పాడు, దారిలో బిగుస్తుందేమోనని కొంచెం నీళ్లు కొట్టానని. ఆ "కొంచెం" ఎంతో ఆ దేవుడికే తెలియాలి. ప్లాంటుకి ఫోన్ చేస్తే "పారడానికి కెమికల్ వేశాం సార్" అన్నారు. మంచి కెమికల్ వేస్తే నీళ్లు పెరగకుండానే స్లంప్ పెరిగే మాట నిజమే. అలాంటప్పుడు చీటీలో ఆ కెమికల్ పేరు, పెరిగిన స్లంప్ రాసి ఉండాలిగా? రెండూ లేవు. లారీ వెనక్కి పంపించేశాం. మధ్యాహ్నం ఇంకో లారీ వచ్చింది. కోన్ లేపితే 75కి అటూ ఇటూ దిగి నిలబడింది. అదే పోశాం.

నన్నడిగితే, మాలుతో దిమ్మెలు పోసి బలం చూసే క్యూబులకంటే ఈ కోనే గొప్పది. ఇంజినీర్లు ఒప్పుకోరు, నాకు తెలుసు. 150 ఎంఎం క్యూబులు పోసి ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు పగలగొట్టి రిపోర్టు ఇస్తారు. అప్పటికి కారు దాని మీదే నిలబడి ఉంటుంది. రిపోర్టు బాగోలేదని దారి తవ్వించిన ఇల్లు నేను ఇంతవరకూ చూడలేదు. కోన్‌కి పది నిమిషాలు చాలు, పైగా లారీని వెనక్కి పంపే హక్కు ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. క్యూబులు కూడా పోయించండి, తర్వాత తగాదా వస్తే పనికొస్తాయి.

చేత్తో పరిచే దారికి 50 నుంచి 75 స్లంప్ సరిపోతుంది. 100 దాటితే, కెమికల్ సంగతి చీటీలో లేకపోతే, దించనివ్వకండి. ఘనమీటరుకి ఓ 5 లీటర్ల నీళ్లు ఎక్కువైతే స్లంప్ అంగుళం దాకా పెరుగుతుంది, బలం ఒకటిన్నర ఎంపీఏ (కాంక్రీటు బలాన్ని కొలిచే యూనిట్) దాకా పడిపోతుంది. ఎం20 అంటే ఉన్నదే ఇరవై ఎంపీఏ. మీద నీరు తేలి పై పొర దుమ్ము రాలడం, సన్న పగుళ్లు రావడం ఎక్కువగా ఈ నీళ్ల వల్లే. మన మేస్త్రీలు మాత్రం "సిమెంట్ కంపెనీ మంచిది కాదు" అని తేల్చేస్తారు. కోన్ లేపాక మాలు ఒక పక్కకి జారి విరిగితే ఆ కొలత లెక్కలోకి రాదు, మళ్లీ తీయాలి. మిల్లర్ (మాలు కలిపే మిషన్) పెట్టి సైటులోనే కలిపించినా ఇదే పరీక్ష. అక్కడ డబ్బాతో నీళ్లు పోసే కుర్రాడి మీద మరో కన్ను వేయాలి.

ఇంకొకటి, అడక్కపోయినా చెబుతాను. వాకిలి మొత్తం కాంక్రీటు చేసేయకండి. కారు చక్రాలు తిరిగేంత మేర నాలుగైదు అంగుళాల మందం వేసి, పగులు వస్తే ఆ గీత వెంటే వచ్చేలా ఎనిమిది పదడుగులకో కోత పెట్టించి, మిగతాది మట్టిగానే వదిలేయండి. మా వీధిలో అందరూ గోడ నుంచి గోడకి పోసేశారు. వాన పడితే నీళ్లన్నీ రోడ్డు మీదికే.

కోన్ కోసం మీరు కొనక్కర్లేదు, వెతకక్కర్లేదు. ప్లాంటు దగ్గర ఎలాగూ ఉంటుంది. ఆర్డరిచ్చేటప్పుడే "లారీతో పాటు కోన్, అది పట్టే మనిషి రావాలి, స్లంప్ తేడా వస్తే దించనివ్వం, ఆ పూట కూలీ మీదే" అని వాట్సాప్‌లో రాయించుకోండి. దానికి ఒప్పుకోని ప్లాంటుకి అడ్వాన్సు ఇవ్వకండి.