ఉద్యోగులు చెప్పే కారణాలను కొలవాలంటే ముందు అసలు కారణం తెలియాలి

“పనిలో జరిగే మంచిచెడ్డలకు ఉద్యోగులు ఏ కారణాలు చెప్పుకుంటారో ప్రశ్నావళితో కొలవవచ్చునా?” అని అడిగారు. కొలవవచ్చును. కాని జరిగినదానికి అసలు కారణమేమిటో తేల్చుకోకుండా కొలిస్తే, వచ్చే అంకెలో మనిషి స్వభావం కంటే భయమే ఎక్కువగా కనిపిస్తుంది. పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారంలో పనిచేసిన రోజుల్లో ఈ సంగతి నేను కళ్లారా చూశాను.

1982లో అమెరికా మనస్తత్వవేత్త సెలిగ్మన్ బృందం ప్రచురించిన ప్రశ్నావళిలో ఆరు మంచివి, ఆరు చెడ్డవి, మొత్తం 12 ఊహాజనిత సందర్భాలు ఉంటాయి. ఒక్కొక్కదానికి కారణం రాసి, అది తనలోనే ఉందా, ఎప్పటికీ ఉండేదేనా, తక్కిన విషయాలపైనా ప్రభావం చూపేదేనా అన్నది 1 నుంచి 7 వరకు అంకెల్లో గుర్తించాలి; 7 అంటే పూర్తిగా అవునని. మీరు గొప్ప ధనవంతులయ్యారనుకోండి అన్నది కూడా వాటిలో ఒకటి. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషిని ఆ మాట అడగడానికి నాకు మనసొప్పక, ‘మీ తట్టలో పప్పు ఎక్కువగా విరిగింది’ అన్న సందర్భాన్ని నేనే చేర్చాను.

తొక్క తీసే ఒక పెద్దావిడ, మేనేజరు పక్కనే నిలబడి ఉండగా, “నా సేతిలోనే లోపముంది బాబూ” అని మూడింటికీ 7 వేయించుకుంది. ఫారం లెక్కలో ఆమె నిరాశావాది. నేను ఆమె తట్టలోంచి ఒక గింజ తీసి బొటనవేలితో మెల్లగా నొక్కితే, తొక్క ఊడకముందే గుండు కాస్తా రెండు బద్దలైంది. పక్క తట్టలోదీ అంతే. ముందురోజు బోర్మాలో, అంటే తొక్క తీసేముందు పప్పును వేడిచేసి ఆరబెట్టే గదిలో, వేడి ఎక్కువై పప్పు పెళుసుబారిపోయింది. టీ వేళ విడిగా అడిగితే, “బోర్మా ఎక్కువ కాగిపోనాదని సెప్తే రేపు పన్లోకి రానిస్తారేటి బాబూ?” అంది. కారణం ఆమెకు నాకంటే ముందే తెలుసు.

1986లో సెలిగ్మన్, ఆయన సహపరిశోధకుడు షుల్మన్ జీవిత బీమా ఏజెంట్లను పరిశీలించి, ఓటమిని తాత్కాలికంగా భావించేవారే ఎక్కువ పాలసీలు అమ్మారని చూపారు. గుమ్మం గుమ్మానికీ తిరస్కారం ఎదురయ్యే వృత్తికి ఆ కొలత సరిపోతుంది. దానినే తెచ్చి కూలీల బోనసు నిర్ణయించడం అన్యాయం. పైగా తనలోనే ఉన్నదానికి ‘అంతర్గత’, అన్నింటికీ పాకేదానికి ‘సార్వత్రిక’ వంటి మాటలతో అచ్చువేసిన ఫారం ఎవరికి అర్థమవుతుంది?

మీరు సర్వే చేసేటట్లయితే, ఆ వారం రిజిస్టరులోకెక్కిన నిజమైన సంఘటనలనే అడగండి. పైఅధికారి లేనిచోట, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. బోర్మా చూసే మనిషికీ, మేనేజరుకూ అదే ఫారం ఇవ్వండి. మా కర్మాగారంలో వారిద్దరినీ ఎవరూ అడగలేదు.